ఆ యాభై గంటలు ఎవరివి?

మా చెల్లెలు టెక్సాస్‌లో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, నా సర్టిఫికెట్ రెన్యువల్‌కి ఇంకా 22 గంటలు తక్కువ పడుతున్నాయే, ఈ వేసవిలో ఎట్టాగైనా పూర్తి చేయాల" అంది. అక్కడ టీచర్ సర్టిఫికెట్ ఐదేళ్ళకే చెల్లుతుంది. ఆ ఐదేళ్ళలో 150 గంటల శిక్షణ చూపిస్తేనే మళ్ళీ ఐదేళ్ళకి పొడిగిస్తారు. వర్క్‌షాపులు, కాలేజీ కోర్సులు లెక్కలోకి వస్తాయి. కొత్తగా చేరిన టీచర్‌కి మెంటర్‌గా ఉంటే ఆ గంటలు కూడా కొంతవరకు కలుపుతారట. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇంకో టీచర్ పక్కన కూర్చుని నేర్పించినా, నేర్చుకున్నా అది కూడా శిక్షణే అని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసి ఒప్పుకుంది కదా అని ఆ రోజంతా అదే మనసులో తిరిగింది.

నేను నెల్లూరు జిల్లాలో సముద్రం వైపున్న ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. 2005లో చేరాను, ఇరవై ఏళ్ళు దాటింది. మా బడి చుట్టూ వరి పొలాలు, అవి దాటితే రొయ్యల గుంటలు. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఈ మధ్య ఏ ఇద్దరు టీచర్లు కలిసినా వచ్చే మాటలు రెండే. ఒకటి టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, రెండు ప్రతి టీచరూ ఏడాదికి చేయాలన్న ఈ యాభై గంటల శిక్షణ. రెండింటి గురించీ నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఎప్పటి నుంచో రాయాలనుకుంటున్నాను, చెల్లెలి ఫోన్‌తో ఇక కూర్చున్నాను.

ముందు టెట్ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది ఇప్పటికీ టెన్షన్‌లో ఉన్నారు. మన దగ్గర సర్టిఫికెట్‌ని రెన్యువల్ చేయించుకోవడం అనే పద్ధతి లేదు. టెట్ సర్టిఫికెట్‌కి ముందు ఏడేళ్ళ గడువుండేది. 2021 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ దాన్ని జీవితకాలానికి మార్చింది, 2011 నుంచి పాసైన వాళ్ళందరికీ అదే వర్తిస్తుందని చెప్పింది. అంటే ఒకసారి పాసైతే చాలు. మాలాగా టెట్ అనేదే పుట్టకముందు టీచర్ల ఎంపిక పరీక్ష డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళం, ఇది మనకు సంబంధించింది కాదులే అనుకున్నాం. టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2010 ఆగస్టు 23న టెట్ తప్పనిసరి అని నోటిఫికేషన్ ఇచ్చే నాటికే మేం ఐదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాం మరి.

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్లలో, సర్వీసు ఐదేళ్ళకు మించి మిగిలి ఉన్నవాళ్ళు ఎప్పుడు చేరినా సరే రెండేళ్ళలోపు టెట్ పాస్ కావాల్సిందే అని. ఐదేళ్ళలోపు మిగిలినవాళ్ళు పాస్ కాకపోయినా రిటైరయ్యేదాకా కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం రాదు. దీని మీద రివ్యూ పిటిషన్లు పడ్డాయి. అవి ఏమవుతాయో చూసి చదువుదాంలే అని చాలామంది ఆగారు. నాకు ఇంకా పదిహేనేళ్ళ పైన సర్వీసుంది, ఆగడం నావల్ల కాలేదు. పుస్తకాలు తెచ్చుకుని మొదలుపెట్టాను.

పేపర్ 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. శిశు వికాసం 30, తెలుగు 30, ఇంగ్లిష్ 30, గణితం 30, పరిసరాల విజ్ఞానం 30. ఓసీలకు 90 రావాలి, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60. సర్వీసులో ఉన్నవాళ్ళకి తెలుగు, లెక్కలు, పరిసరాలు పెద్ద కష్టం కాదు, రోజూ చెప్పేవే కదా. కష్టమంతా కంప్యూటర్ ముందు కూర్చుని టైము చూసుకుంటూ రాయడంలోనే. మేం రాసిన పరీక్షలన్నీ పెన్నుతో రాసినవి. ఇంట్లో మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో వారంలో మూడు మాక్ టెస్టులు రాసి అలవాటు చేసుకున్నాను. ఇది చదువుతున్న టీచర్లెవరైనా ఉంటే నేను చెప్పేది ఒక్కటే, పుస్తకం చదవడంతో సమానంగా స్క్రీన్ మీద ప్రాక్టీసు చేయండి.

డిసెంబర్‌లో పరీక్ష. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సెంటరు. గేటు దగ్గర లైన్లో నిలబడి ఉంటే వెనక నుంచి "టీచర్, మీరా!" అని ఒకమ్మాయి. నా దగ్గర మూడో తరగతి చదివిన పిల్ల. టీచర్ శిక్షణ కోర్సు డీఈడీ పూర్తి చేసి టెట్ రాయడానికి వచ్చింది. నా హాల్ టికెట్ తీసుకుని నా ల్యాబ్ ఎక్కడో చూపించి, అనుమానం ఉన్న ప్రశ్నని గుర్తు పెట్టుకుని చివర్లో మళ్ళీ ఎట్లా చూసుకోవాలో రెండు నిమిషాల్లో చెప్పింది. ఆ రెండు నిమిషాలు నాకు ఆ రోజు చాలా ఉపయోగపడ్డాయి. జనవరిలో ఫలితాలొచ్చాయి, నేను పాసయ్యాను, ఆ అమ్మాయి కూడా పాసయ్యింది.

ఆ చదువంతా వృథా అని నేను అనను. శిశు వికాసంలో మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ గురించి చదువుతుంటే ఒక చోట పుస్తకం పక్కన పెట్టేశాను. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, తెలిసినవాళ్ళు పక్కనుంటే చేయగలిగినదానికీ మధ్య కొంత జాగా ఉంటుంది, నేర్చుకోవడం జరిగేది ఆ జాగాలోనే అంటాడాయన. డీఈడీలో ఎప్పుడో చదివి పరీక్ష రాసి మర్చిపోయిన సంగతి. ఇరవై ఏళ్ళ తర్వాత చదివితే పిల్లలకంటే ముందు నాకు నేనే గుర్తొచ్చాను. నా పక్కన ఒక తెలిసిన మనిషి కూర్చున్న రోజొకటి నా ఉద్యోగంలో ఉంది.

అది 2011లోనో 2012లోనో, చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగ్ రోజు. శనివారం మధ్యాహ్నం. హైస్కూల్లో ఎనిమిదో తరగతి గదిలో కూర్చున్నాం, ఇరవై మందిమి ఉంటాం. సర్క్యులర్లు చదవడం అయ్యింది, పులిహోర ప్యాకెట్లు పంచారు. తినేటప్పుడు నేను నా సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి చూస్తున్నాను. మూడో తరగతి పిల్లాడిది. వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. పిల్లాడు చురుకైనవాడే, కూడికలు నోటితో చేసేవాడు. తీసివేతలు మాత్రం నెల రోజులుగా ఒక్కటీ సరిగ్గా రావడం లేదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే, నాకు విసుగొచ్చి ఒకటి రెండు సార్లు గట్టిగా కోప్పడ్డాను కూడా.

పక్కన కూర్చున్న పెద్ద సారు ఆ పుస్తకం ఇటివ్వమని తీసుకున్నారు. ఆయన అప్పటికి రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు. చేయి కడుక్కుని వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో లెక్క మీద వేలు పెట్టి చూశారు. 52లోంచి 27 తీస్తే 35. 81లోంచి 46 తీస్తే 45. 63లోంచి 38 తీస్తే 35. ఎర్ర సిరాతో నేను కొట్టేసిన ఇంటూ గుర్తులు పక్కనే ఉన్నాయి.

"అమ్మాయ్, 74లోంచి 29 తీయమని ఇస్తే వీడు ఏం రాస్తాడో చెప్పు" అన్నారు.

"తప్పే రాస్తాడు సార్" అన్నాను.

"తప్పు రాస్తాడు సరే, ఏం తప్పు రాస్తాడు? 55 రాస్తాడు చూడు. సోమవారం ఇచ్చి చూసి నాకు చెప్పు."

సోమవారం పొద్దున ప్రార్థన అయిన వెంటనే వాణ్ణి పిలిచి ఆ లెక్క ఇచ్చాను. పలక మీద 55 అని రాసి తీసుకొచ్చాడు. నాకు ఒళ్ళు జలదరించింది. వాడికి లెక్క రాకపోవడం కాదు, వాడి దగ్గర ఒక రూలు ఉంది, ఆ రూలు ప్రకారం ఒక్కసారి కూడా తప్పకుండా చేస్తున్నాడు. రెండు అంకెల్లో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి, అది పైనుందా కిందుందా అని చూడక్కర్లేదు. తొమ్మిదిలోంచి నాలుగు పోతే ఐదు, ఏడులోంచి రెండు పోతే ఐదు. నెల రోజులు ఆ పుస్తకంలో ఇంటూలు కొట్టాను కానీ ఆ రూలు నా కంట పడలేదు.

తర్వాతి మీటింగ్‌లో ఆయన దగ్గరికి నేనే వెళ్ళి కూర్చున్నాను. మరి వాడికి ఎట్లా చెప్పాలి సార్ అంటే ఆయన నన్ను అడిగారు, "నువ్వు ఎట్టా చెబుతున్నావు ముందు అది చెప్పు" అని. అందరం చెప్పేదే చెప్పాను. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కింటికి పోయి ఒకటి అప్పు తెచ్చుకోవాలి అని.

ఆయన నవ్వలేదు, తప్పని కూడా అనలేదు. నిదానంగా ఇట్లా అన్నారు. "ఆ పిల్లోడి ఇంట్లో అప్పంటే ఏందో వాడికి బాగా తెలుసు. తెచ్చుకుంటే తిరిగి ఇయ్యాల. నువ్వు పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చుకోమంటివి. తెచ్చింది ఒకటి, ఇక్కడికొచ్చేసరికి పదయ్యింది. తిరిగి ఇచ్చేదీ లేదు. వాడెట్టా నమ్ముతాడమ్మా? అది అప్పు కాదు, చిల్లర మార్చుకోవడం. పది రూపాయల నోటు ఇచ్చి పది రూపాయి బిళ్ళలు తెచ్చుకున్నట్టు. మార్చేది వాడి చేత్తో వాడు మార్చాల."

ఆ సాయంత్రం ఇంట్లో కొబ్బరి చీపురు ఒకటి విప్పి పుల్లల్ని వేలెడంత ముక్కలు చేసి, పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. మరుసటి రోజు క్లాసులో కింద చాప మీద వాడి ముందు ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి, "ఇందులోంచి ఇరవై ఏడు నాకియ్యి" అన్నాను. అంతే, ఇంకేం చెప్పలేదు. రెండు కట్టలు టకటకా ఇచ్చేశాడు. రెండు విడి పుల్లలు ఇచ్చాడు. ఇంకా ఐదు కావాలి. చేతిలో మూడు కట్టలున్నాయి, విడి పుల్లలు లేవు. నా మొహం చూశాడు, కట్టల వంక చూశాడు, కొంచెంసేపు అట్లాగే ఉండి, "టీచర్, కట్ట విప్పనా?" అన్నాడు.

విప్పమన్నాను. రబ్బరు బ్యాండు తీసి చేతికి వేసుకుని, పదిలోంచి ఐదు నాకిచ్చి, వాడి దగ్గర మిగిలినవి లెక్కపెట్టి రెండు కట్టలు, ఐదు పుల్లలు, ఇరవై ఐదు అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు పుల్లలతో చేయించి, పక్కన పలక మీద రాయించాను. నేను అప్పు అనే మాటని ఆ రోజు నుంచి క్లాసులో వాడలేదు. ఈ పదిహేనేళ్ళలో ఎంతమంది పిల్లలు మా బడిలో కట్ట విప్పారో నాకు లెక్క తెలియదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఇరవై ఏళ్ళలో నేను అందుకున్న శిక్షణ సర్టిఫికెట్లు ఒక ఫైలు నిండా ఉన్నాయి. నా బోధన మారిపోయింది మాత్రం రెండు శనివారాల్లో, అంతా కలిపి గంట కూడా ఉండదు, దానికి ఏ సర్టిఫికెట్టూ లేదు. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధిలో పాల్గొనాలంటుంది. ఆ మాట చాలామందికి తెలుసు. ఆ వాక్యంలోనే టీచర్ల సొంత ఆసక్తిని బట్టి అన్న మాట కూడా ఉంది. ఆ రెండో భాగాన్ని మనం ఎవరం గట్టిగా అడగడం లేదు.

పెద్ద సారుకి ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత అడిగితే ఆయనే చెప్పారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏపీపీఈపీ ఉండేది, ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలైంది. అందులో టీచర్లు నేర్చుకోవాల్సినవి ఆరే ఆరు సూత్రాలు. పిల్లలు చేసి నేర్చుకునే పనులు టీచరే తయారు చేయాలి, గుంపుల్లోనూ ఒంటరిగానూ పని చేయించాలి, పిల్లకీ పిల్లకీ ఉన్న తేడా గమనించాలి, ఊళ్ళో దొరికే వస్తువులే వాడాలి, పిల్లలు చేసినవి గోడలకు పెట్టాలి, ఇట్లాంటివి. అన్నిటికంటే ముఖ్యం టీచర్ సెంటర్లు. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట చేరి, తాము క్లాసులో చేసింది ఇంకొకరికి చూపించి, ఏది కుదిరింది ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవాళ్ళు. ఆయన పుల్లల కట్టలు నేర్చుకుంది అక్కడే, ఇంకో టీచరమ్మ దగ్గర. తర్వాత డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, మన రాష్ట్రంలో మొదటి విడత ఐదు జిల్లాల్లో మన నెల్లూరు ఒకటి. ఇవాళ మనం పోయే కాంప్లెక్స్ మీటింగులు ఆ దారిలోంచి వచ్చినవే. ఒక టీచరు నుంచి ఇంకో టీచరుకి చేతి మీదుగా వచ్చిన విద్య అది.

ఇంకా వెనక్కి పోతే 1964-66 కొఠారీ కమిషన్ కూడా ప్రతి టీచరుకీ ఐదేళ్ళకొకసారి రెండు మూడు నెలల శిక్షణ ఉండాలని చెప్పింది. కాబట్టి శిక్షణ ఎందుకు అనే వాళ్ళతో నేను కలవను. డాక్టర్లకు కూడా ఐదేళ్ళకు 30 గంటలు అని లెక్క ఉంది. మన దగ్గరికి పిల్లల్ని పంపే అమ్మానాన్నలకి, ఈ టీచరు ఇంకా నేర్చుకుంటూనే ఉంది అన్న నమ్మకం ఉండాలి. ఆ గంటల్లో ఏం జరుగుతోంది అన్నదే నా గొడవ.

ఒక శిక్షణ సంగతి చెబుతాను. ఏ ఏడో, ఎక్కడో వద్దు. మూడు రోజులు. ఒకే హాల్లో నూట ఇరవై మంది. తెర మీద స్లైడ్ వేస్తారు, అది చదువుతారు, తర్వాత స్లైడ్. పాపం ఆ చెప్పేవాళ్ళని అనను, వాళ్ళకీ పై ఊళ్ళో రెండు రోజులు అట్లాగే చదివి పంపారు. పై నుంచి ఒక్కో మెట్టూ దిగేకొద్దీ చిక్కటి పాలు నీళ్ళయిపోతాయి, చివరి మెట్టు మీద ఉన్నది మనం. రెండో రోజు నేను లేచి ఒక ప్రశ్న అడిగాను. మా బడిలో కొందరు పిల్లలు వేటకో, గుంటల పనికో అమ్మానాన్నలతో పోయి రెండు మూడు వారాలకు తిరిగొస్తారు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఆ పిల్ల తిరిగొచ్చిన రోజు పాఠం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, మిగతావాళ్ళని అప్పుడు ఏం చేయమనాలి? దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం మేడమ్ అన్నారు. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు పంపారు, గ్రూపు ఫోటో తీశారు, అయిపోయింది. ఆ మూడు రోజులూ మా బడిలో మా తోటి టీచరు ఐదు తరగతుల్నీ ఒక్కతే చూసింది. సింగిల్ టీచర్ బడి అయితే ఆ రోజులకి పక్క బడి నుంచి ఎవరినైనా పంపాలి, ఆ పక్క బడిలో పాఠం ఆగుతుంది. గంటలు లెక్కపెట్టేవాళ్ళు ఈ గంటల్ని కూడా లెక్కపెట్టాలి.

ఇక ఆన్‌లైన్. కేంద్రం టీచర్లకిచ్చే శిక్షణ కార్యక్రమం నిష్ఠ 2019 ఆగస్టులో మొదలైంది, ఆ తర్వాత ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్ష మీద మాడ్యూళ్ళు వచ్చాయి. చివర్లో క్విజ్, 70 శాతం వస్తే సర్టిఫికెట్. ఇక్కడ నిజం చెప్పాలి. వీడియో నడుస్తుంటే పక్కన పెట్టి వంట చేసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. మా ఊళ్ళో రాత్రి ఎనిమిది దాటితేనే సిగ్నల్ సరిగ్గా వచ్చేది, అప్పటికి ఇల్లు, పిల్లలు, మరుసటి రోజు లెసన్ ప్లాన్. క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి. అందులో పడి పాసైన సర్టిఫికెట్లు నాకు గర్వంగా లేవు, వాటిని ఎవరికీ చూపించను. అదే నిష్ఠలో పునాది అక్షరాస్యత మాడ్యూళ్ళు మాత్రం నేను నిజంగా చదివాను, ఎందుకంటే ఆ ఏడాది నా దగ్గర ఒకటో తరగతి ఉంది, నాకు అవసరం పడింది. కథ చదివి వినిపించేటప్పుడు పుస్తకం పిల్లలవైపు తిప్పి, చదువుతున్న మాట కింద వేలు జరపాలన్నది చాలా చిన్న సంగతి. చేసి చూశాను. ఐదారు వారాలకి నా వేలు ఎక్కడుందో చూసి తర్వాతి మాట ఏంటో పిల్లలే అనడం మొదలుపెట్టారు. అదే శిక్షణ, అదే యాప్. తేడా ఏంటంటే అప్పుడు నాకు అవసరం ఉంది.

అందుకే సొంత ఆసక్తిని బట్టి అన్న ఆ మాట నాకు అంత ముఖ్యం. ఏం నేర్చుకోవాలో ఏడాది మొదట్లో నన్ను అడగండి. ఒకటో తరగతి చెప్పేవాళ్ళకి చదివించడం గురించి, నాలుగు ఐదు చెప్పేవాళ్ళకి భిన్నాల గురించి, రెండు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టేవాళ్ళకి దాని గురించి ఇవ్వండి. సీబీఎస్‌ఈ బడుల్లో ఈ యాభై గంటల్ని రెండు ముక్కలు చేసి, 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, 25 గంటలు బడిలోనో చుట్టుపక్కల బడులన్నీ కలిసిగానో చేసుకోవచ్చన్నారు. ఆ రెండో పాతిక మనకు కూడా కావాలి. ఇంకో టీచర్ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని ఒక పీరియడ్ చూస్తే, తర్వాత అరగంట ఇద్దరూ మాట్లాడుకుంటే, అది గంటన్నర అని రాయండి. పెద్ద సారు లాంటివాళ్ళు జిల్లాలో ఎంతమంది రిటైరై ఇంట్లో కూర్చుని ఉన్నారో, వాళ్ళని నెలకొకసారి పిలవండి, ఆటో ఖర్చు ఇవ్వండి. పల్లిపాడులోని మన జిల్లా టీచర్ శిక్షణ సంస్థ డైట్‌లో డీఈడీ చదివే పిల్లల్ని మా బడులకి ఇంకా ఎక్కువ రోజులు పంపండి. వాళ్ళొస్తే మేం శిక్షణకి పోయినా బడి నడుస్తుంది, వాళ్ళకీ ఐదు తరగతులు ఒకచోట ఉంటే ఎట్లా ఉంటుందో తెలుస్తుంది.

పల్లిపాడు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పెన్న ఒడ్డున ఆ ఊళ్ళోనే 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఒకసారి శిక్షణకి పోయినప్పుడు సాయంత్రం మేం నలుగురం ఆశ్రమం దాకా నడిచి వెళ్ళాం. అక్కడ అరుగు మీద కూర్చుని మా క్లాసుల్లో జరిగినవి చెప్పుకుంటుంటే చీకటి పడింది. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ గుణింతాలు కష్టంగా ఉన్న పిల్లలకి తాను ఏం చేస్తుందో చెప్పింది. పిల్లల పేర్లే కార్డుల మీద రాసి, ఎవరి పేరులో ఏ గుణింతం ఉందో వాళ్ళచేతే వెతికించి, ఆ పేర్లతోనే వారమంతా గడుపుతుందట. పిల్లలు తమ పేరులో ఉన్న గుణింతాన్ని మర్చిపోరు, పక్కవాడి పేరులో ఉన్నదీ మర్చిపోరు. నేను ఆ రోజు పగలంతా రాసుకున్న నోట్సు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, ఆ కార్డులు మాత్రం నా బల్ల సొరుగులో ఉన్నాయి, ప్రతి జూన్‌లోనూ కొత్త పేర్లతో రాస్తాను.

పైనుంచి మార్పు వచ్చేదాకా కూర్చోలేక మేం ఒక పని మొదలుపెట్టాం. మా మండలంలో నాలుగు బడుల టీచర్లం, ఆరుగురం, కాంప్లెక్స్ మీటింగ్ అయిపోయాక ఒక గంట ఆగుతాం. ఎవరూ రమ్మనలేదు, డ్యూటీ కింద లెక్క కూడా లేదు. నియమం ఒక్కటే, ఖాళీ చేతులతో రాకూడదు. పిల్లల నోటు పుస్తకం ఒకటి తేవాలి, బాగా రాసింది కాదు, మనకు అర్థం కాని తప్పు ఉన్నది. పుస్తకం మధ్యలో పెట్టి ఆ పిల్లకి ఏ రూలు ఉందో అందరం వెతుకుతాం. ఆ తర్వాతే ఏం చేయాలన్న మాట. మొదటి రెండు నెలలు ఇబ్బందిగానే ఉంది. మన క్లాసులో పిల్లల తప్పులు బయటపెడితే మన తప్పులు బయటపడినట్టు అనిపిస్తుంది, చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని భయం. కొత్తగా మెగా డీఎస్సీలో వచ్చిన ఒక అబ్బాయి మొదటిసారి తన పిల్లల పుస్తకం తీసినప్పుడు చేతులు వణకడం చూశాను. ఆ రోజు నేను నా పుస్తకం ముందు పెట్టాను, నా ఎర్ర ఇంటూలతో సహా.

ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోమని చెబుతాను. పేజీకి మూడు గడులు. ఏ రోజు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాను, క్లాసులో ఎప్పుడు చేసి చూశాను, పిల్లలు ఏం చేశారు. మూడో గడి ఖాళీగా ఉంటే మొదటి గడిలో ఉన్నది నేర్చుకున్నట్టు కాదని నా లెక్క. రేపు ఎవరైనా వచ్చి నీ యాభై గంటలు చూపించమంటే ఫైలుతో పాటు ఆ పుస్తకం కూడా ముందు పెడతాను. ఈ ఏడాది అందులో ముప్పై ఒక్క పేజీ నిండింది.

చెల్లెలికి ఇదంతా ఫోన్లో చెబుతుంటే మధ్యలో ఆపి, "అక్కా, ఆ కట్టల సంగతి మళ్ళీ చెప్పు, మా పిల్లలూ అదే తప్పు చేస్తారు, మేం కూడా బారో అనే అంటాం, అంటే అప్పే కదా" అంది. వీడియో కాల్‌లోకి మారి వంటింట్లోంచి చీపురు తెచ్చి చూపించాను. అక్కడ కొబ్బరి చీపుర్లు దొరకవు, స్ట్రాలు వాడతానంది. వచ్చే ఏడాది వాళ్ళ బడిలో చేరే కొత్త టీచర్‌కి తాను మెంటర్‌గా ఉండబోతోందట, ముందు ఆ అమ్మాయికి ఇదే చూపిస్తానంది.

ఈ శనివారం మా ఆరుగురం కలిసేది మా బడిలోనే. భాగహారం మీద మాట్లాడదామనుకున్నాం. 612ని 6తో భాగిస్తే 12 అని రాసిన పుస్తకాలు నా దగ్గరే నాలుగున్నాయి, మధ్యలో సున్నా ఎక్కడ పోతోందో చూడాలి. పెద్ద సారుకి ఫోన్ చేశాను. ఇప్పుడు డెబ్బై దాటారు, మోకాళ్ళ నొప్పులు. మనవడి బండి మీద వస్తానన్నారు.